క్యూబు బలం చెప్పని సంగతి: కాంక్రీటు పగుళ్లను రింగు పరీక్షతో తెలుసుకోవడం ఎలా

బలం చూడడానికి పోసే కాంక్రీటు క్యూబులు బాగానే వస్తాయి. 28 రోజులకు రావలసిన దానికన్నా నాలుగైదు మెగాపాస్కల్స్ (బలానికి కొలమానం) ఎక్కువే చూపిస్తాయి. అయినా అదే మిశ్రమంతో వేసిన సీసీ రోడ్డు రెండు నెలలకే అడ్డంగా చీలుతుంది. కాలువ లైనింగు మీద వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి. ట్యాంకు గోడ మీద నిలువు పగులు చెమ్మ కారుస్తుంది. ఊళ్లో వెంటనే వినిపించే మాట "సిమెంటు తక్కువ వేశారు" అని. చాలాసార్లు జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. సిమెంటు, నీళ్లు రెండూ ఎక్కువై కాంక్రీటు ఎండేటప్పుడు బాగా కుంచించుకుంటుంది, కింద నేలో పక్కన పాత గోడో లోపలి కడ్డీలో దాన్ని కదలనివ్వవు.

ఎండిన చెరువులో ఒండ్రు నెర్రెలిచ్చేదీ ఇలాగే. మట్టి కుంచించుకోవడం ఒక్కటే అయితే నెర్రె పడదు, అడుగు పొర పట్టి ఉంచడం వల్లే పైపొర చీలుతుంది. కాబట్టి కాంక్రీటు స్వేచ్ఛగా ఎంత కుంచించుకుంటుందో కొలిస్తే సగం సంగతే తెలుస్తుంది. కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఒక చిన్న లెక్క వేసి చూడండి. డిజైను కోసం మొత్తం సంకోచాన్ని 0.0003గా తీసుకోమంటుంది, అంటే మీటరుకు 0.3 మి.మీ. ఎం30 కాంక్రీటు (క్యూబు బలం 30 మెగాపాస్కల్స్) స్థితిస్థాపక గుణకం, అంటే దాని బిగువు, 5000√30, సుమారు 27,400 మెగాపాస్కల్స్. రెండూ గుణిస్తే పూర్తి కట్టడిలో 8 మెగాపాస్కల్స్ పైన లాగుడు పుడుతుంది. అదే కాంక్రీటు వంపులో తట్టుకునే బలం 0.7√30, అంటే 3.8 మాత్రమే. ఈ లెక్కే నిజమైతే మన కట్టడాలన్నీ పగలాలి. అలా జరగకపోవడానికి కారణం క్రీప్: ఒత్తిడి కింద కాంక్రీటు మెల్లగా సాగి ఆ లాగుడును కొంత వదిలించుకుంటుంది. సంకోచం, బిగువు, క్రీప్, రోజురోజుకూ పెరిగే బలం, ఈ నాలుగింటి మధ్య పోటీలో ఏది గెలుస్తుందో కాగితం మీద తేలదు. కట్టడి చేసి ఎండబెట్టి చూడాల్సిందే. అందుకే రింగు పరీక్ష: ఉక్కు రింగు చుట్టూ కాంక్రీటు పోసి, ఎండబెట్టి, అది ఏ రోజున పగులుతుందో చూడడం.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, రామగుండం ప్రాంతాల్లో చివరి ఏడాది ప్రాజెక్టు చేసే సివిల్ విద్యార్థులనూ, రెడీమిక్స్ ప్లాంట్లలో నాణ్యత చూసే ఇంజినీర్లనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పద్ధతి అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ1581ది. దాన్ని మన వాతావరణంలో, మన దగ్గర దొరికే సామగ్రితో ఎలా నిలబెట్టాలన్నది మాత్రం ఇక్కడి పని.

ముందు ప్రశ్న తేల్చుకోండి

ఒక్క మిశ్రమాన్ని పరీక్షించి "ఇది పన్నెండో రోజున పగిలింది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. రెండు మిశ్రమాలు పక్కపక్కన పెట్టండి. ఓపీసీ 53 (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) ఒకవైపు, అందులో నాలుగో వంతు తీసేసి రామగుండం లేదా భూపాలపల్లి ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంటు బూడిద) వేసింది మరోవైపు. లేదా మానేరు ఇసుకతో ఒకటి, రోబో ఇసుకతో ఒకటి. మారేది ఒక్కటే ఉండాలి. ఇసుకా మార్చి, నీళ్లూ మార్చి, అడ్మిక్స్చరూ (కాంక్రీటులో కలిపే రసాయనం) మార్చితే పగిలింది దేనివల్లో చెప్పలేరు.

ప్రమాణం ప్రకారం ఒక్కో మిశ్రమానికి కనీసం మూడు రింగులు, ఒక్కో రింగుకు కనీసం రెండు స్ట్రెయిన్ గేజులు (ఉక్కు ఎంత నొక్కుకుందో చెప్పే, దానికి అంటించే పట్టీలు) కావాలి. రెండు మిశ్రమాలకు ఆరు రింగులు, పన్నెండు చానళ్లు అవుతాయి. రీడింగులు నమోదు చేసే మీ డేటా లాగర్‌కు ఎన్ని చానళ్లున్నాయో పోత పోసిన రోజు కాదు, ఇప్పుడే లెక్కపెట్టుకోండి.

ఇంకొకటి కూడా ముందే తెలిసి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పోసిన మూడు నాలుగు గంటలకే, కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే పడే పగుళ్లు వేరే జాతి. అవి ఉపరితలం నుంచి నీరు ఆవిరైపోయే వేగం వల్ల పుడతాయి. గంటకు చదరపు మీటరు నుంచి ఒక కిలో నీరు పోతోందంటే ప్రమాదమని సాధారణంగా లెక్క. వాటికి రింగు పరీక్ష జవాబు చెప్పదు. రింగు చెప్పేది గట్టిపడ్డాక రోజులు, వారాల మీద వచ్చే పగుళ్ల గురించి.

రింగులు చేయించడం

లోపలి ఉక్కు రింగు బయటి వ్యాసం 330 మి.మీ., గోడ మందం 13 మి.మీ., ఎత్తు 152 మి.మీ. దాని చుట్టూ పెట్టే బయటి అచ్చు లోపలి వ్యాసం 405 మి.మీ. రెంటి మధ్య ఖాళీ సుమారు 38 మి.మీ., అదే కాంక్రీటు గోడ. మందమైన గోడ ఉన్న ఉక్కు పైపు ముక్క కొని లేత్ మీద లోపలా బయటా చెక్కించండి. లేత్ మనిషికి 13 మి.మీ. ఎందుకంత ముఖ్యమో చెప్పండి: ఆ మందమే కట్టడి మోతాదు. ఒక రింగు 12, ఇంకోటి 14.5 వస్తే రెండు వేర్వేరు పరీక్షలు చేసినట్టే. మందానికి అనుమతి ఉన్న తేడా 1 మి.మీ. మాత్రమే. చుట్టూ నాలుగు చోట్ల కాలిపర్‌తో కొలిచి రింగు మీద నంబరు కొట్టించండి.

బయటి అచ్చును రేకుతో రెండు ముక్కలుగా చేయించి బోల్టులతో బిగిస్తే విప్పడం తేలిక. అడుగున నీరు పీల్చని పలక కావాలి. ఎపాక్సీ పూసిన ప్లైవుడ్ సరిపోతుంది, దాని మీద పాలిథిన్ షీటు పరిస్తే కాంక్రీటు అడుగు పట్టుకోదు. కాంక్రీటును పట్టుకోవాల్సింది లోపలి ఉక్కు రింగు ఒక్కటే.

రింగులు కదలకుండా పలకకు వాషర్లు, బోల్టులు పెట్టి బిగిస్తాం కదా, పోత పూర్తి కాగానే ఆ బోల్టులు వదులు చేసి వాషర్లను రింగు మీద నుంచి తప్పించాలి. ఇది మరిచిపోతే ఉక్కు రింగు స్వేచ్ఛగా నొక్కుకోలేదు, రీడింగు మొత్తం అబద్ధమవుతుంది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించుకోవాల్సిన పని ఏదైనా ఉంటే ఇదే.

గేజులు అంటించడం

ఉక్కు రింగు లోపలి ముఖాన, ఎత్తులో సరిగ్గా సగం దగ్గర, ఎదురెదురుగా రెండు గేజులు. వాటి దిశ చుట్టుకొలత వెంబడి ఉండాలి, నిలువుగా కాదు. ఎమెరీ కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, ఒకే దిశలో తుడుస్తూ గుడ్డ శుభ్రంగా వచ్చేవరకు ఆగండి. అంటించాక తడి తగలకుండా పూత వేయండి, ఎందుకంటే మొదటి రోజంతా ఈ రింగు తడి గోనెల కింద ఉంటుంది. మల్టీమీటరుతో గేజు నిరోధం చూడండి. 120 ఓమ్ గేజు 120 దగ్గరే చూపాలి, గేజుకూ ఉక్కుకూ మధ్య కరెంటు అసలు పారకూడదు.

ఒక విడి ఉక్కు ముక్కకు అదే రకం గేజు అంటించి రింగుల పక్కనే పెట్టండి. దాని మీద ఏ బరువూ లేదు కాబట్టి అది చూపే మార్పంతా ఉష్ణోగ్రతది, వైర్లది, లాగర్‌ది. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ డమ్మీ గేజు సాక్ష్యం పనికొస్తుంది.

గది: అసలు పరికరం ఇదే

ప్రమాణం కోరేది 23 డిగ్రీలు, రెండు డిగ్రీల అటూఇటూ. గాలిలో తేమ 50 శాతం, నాలుగు శాతం అటూఇటూ. చదవడానికి రెండు అంకెలే. మే నెలలో బయట 44 డిగ్రీలుండి గాలి పొడిగా ఉన్నప్పుడూ, ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టినప్పుడూ ఒకే గదిని ఈ రెండు అంకెల మధ్య నిలబెట్టడం మన ప్రాంతంలో ఈ పరీక్షకున్న అసలు కష్టం. గేజులకు, లాగర్‌కు పెట్టే శ్రద్ధలో సగమైనా గదికి పెట్టని ల్యాబులను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే పగిలే రోజును గదే నిర్ణయిస్తుంది.

చిన్న గది ఎంచుకోండి. పడమటి గోడ ఎండకు కాలే గది వద్దు. కిటికీలకు థర్మోకోల్ షీట్లు బిగించండి. ఏసీ చల్లబరుస్తూనే తేమను కూడా లాగేస్తుంది కాబట్టి ఎండాకాలంలో హ్యూమిడిఫైయర్, వానాకాలంలో డీహ్యూమిడిఫైయర్ కావాలి, రెండూ తేమ చూసి తమంతట తాము ఆగి నడిచేవి అయితే మేలు. ఏసీ గాలి ఏ రింగుకూ నేరుగా తగలకూడదు. తగిలిన వైపు ముందు ఎండి అక్కడే పగులుతుంది, మీరు దాన్ని మిశ్రమం లోపంగా రాస్తారు. అడ్డంగా ఒక అట్ట పెట్టినా చాలు.

తేమ మీటరును నమ్మే ముందు పరీక్షించండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో వంట ఉప్పును కొద్ది నీళ్లతో ముద్దలా తడిపి, మీటరును ఉప్పు తగలకుండా అందులో ఉంచి మూత పెట్టి ఒక పూట వదిలేయండి. 75 శాతం దగ్గర చూపాలి. 68 అనో 82 అనో చూపితే మీటరు తప్పు.

కరెంటు పోతుంది, అది తప్పదు. లాగర్‌కు, కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టండి. ఏసీకి బ్యాకప్ ఉండదు కాబట్టి గది ఉష్ణోగ్రత, తేమలను కూడా అరగంటకొకసారి నమోదు చేసే చిన్న లాగర్ పెట్టుకోండి. తరవాత గ్రాఫులో వింత వంపు కనిపిస్తే అది కాంక్రీటుదా, కరెంటు కోతదా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

ఎంత చేసినా గది నిలబడకపోతే? పరీక్ష మానుకోనక్కర్లేదు. రెండు మిశ్రమాలను ఒకే రోజు పోసి, ఒకే గదిలో కలిపి ఉంచి, ఏది ముందు పగిలిందో పోల్చండి. కాకపోతే నివేదికలో గది లెక్కలు యథాతథంగా ఇవ్వండి, ప్రమాణంలోని తరగతులు (పగిలే అవకాశం ఎక్కువ, తక్కువ అనే మెట్లు, కింద లెక్కలో ఇచ్చాను) మాత్రం వేయకండి. అవి ప్రమాణం కోరిన గదికి చెందిన తరగతులు.

పోత

38 మి.మీ. గోడలో 20 మి.మీ. కంకర పట్టదు. ప్రమాణం అనుమతించేది 13 మి.మీ. దాకా, కాబట్టి మన క్రషర్ల నుంచి వచ్చే 12 మి.మీ. కంకరతో మిశ్రమం వేసుకోండి. సైటులో వాడే 20 మి.మీ. కాంక్రీటునే చూడాలంటే అమెరికా రహదారుల సంస్థ ఆష్టో వారి టీ334 పద్ధతి ఉంది, అందులో కాంక్రీటు గోడ 76 మి.మీ. కాకపోతే గోడ మందమైతే ఎండడం, పగలడం రెండూ ఆలస్యం. ఆ ఫలితాన్ని సన్న రింగు ఫలితంతో పోల్చకూడదు. మొదటిసారి చేసే వాళ్లు మోర్టారుతో మొదలుపెట్టినా తప్పు లేదు, ప్రమాణం మోర్టారుకూ వర్తిస్తుంది. ప్లాస్టరింగు పగుళ్లతో విసిగిపోయిన మేస్త్రీలకు ఆ ఫలితం నేరుగా పనికొస్తుంది కూడా.

ఉక్కు రింగు బయటి ముఖానికీ, బయటి అచ్చు లోపలి ముఖానికీ పల్చగా నూనె రాయండి. కాంక్రీటును రెండు పొరలుగా నింపండి, ప్రతి పొరకూ 10 మి.మీ. కడ్డీతో 75 పోట్లు, తరవాత వైబ్రేషన్. పైముఖం చదును చేయండి. బోల్టులు వదులు చేయండి. పది నిమిషాల్లోపు గదిలోకి చేర్చి, వైర్లు కలిపి, రీడింగు మొదలుపెట్టండి. రెండు రీడింగుల మధ్య వ్యవధి అరగంటకు మించకూడదు.

అదే కాంక్రీటుతో బలం కోసం క్యూబులు, స్ప్లిట్ టెన్సైల్ (లాగుడు బలం) కోసం సిలిండర్లు, స్వేచ్ఛా సంకోచం కోసం ప్రిజములు కూడా పోయండి. ఇవి లేకపోతే రింగు ఎప్పుడు పగిలిందో తెలుస్తుంది గానీ ఎందుకు పగిలిందో తెలియదు.

పైన తడి గోనె, దాని మీద పాలిథిన్ కప్పి 24 గంటలు ఉంచండి. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరిలో గోనెలకు కొదవ లేదు, కానీ చక్కెర, ఎరువులు మోసిన సంచులు వద్దు. చక్కెర కొద్దిగా కలిసినా సిమెంటు గట్టిపడడం బాగా ఆలస్యమవుతుంది. ఏ గోనె అయినా రెండుసార్లు నీళ్లలో ఉతికి వాడండి.

విప్పడం, సీలు వేయడం

24 గంటలకు గోనె తీసి, బయటి అచ్చు విప్పి, పైముఖం మూసేయాలి. కరిగించిన మైనం పోయవచ్చు. ఏసీ మెకానిక్కులు డక్టులకు వాడే అల్యూమినియం టేపు ఇంకా తేలిక. పైన టేపు, కింద పలక, లోపల ఉక్కు. ఇక కాంక్రీటు ఎండేది బయటి చుట్టు ముఖం నుంచి మాత్రమే. టేపు అంచు విడిపోతే అక్కడి నుంచి అదనంగా ఎండుతుంది కాబట్టి మరుసటి రోజు ఇంకోసారి నొక్కి చూడండి.

విప్పిన ఈ క్షణమే మీ గడియారంలో సున్నా. పగిలే వయసు ఇక్కడి నుంచే లెక్క. ఈ క్షణపు స్ట్రెయిన్‌ను తరవాతి రీడింగులన్నిటి నుంచి తీసేయాలి.

ఇక్కడ చాలామందికి వచ్చే ప్రశ్న ఒకటుంది. ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ, పొడి వాతావరణంలో 10 రోజులు క్యూరింగు చేయమంటుంది. ఇక్కడేమిటి, ఒక్క రోజే? నిజమే. ఈ పరీక్ష సైటుకు నకలు కాదు. మిశ్రమాలను కఠినంగా ఎండబెట్టి వాటి మధ్య తేడాను బయటికి లాగడం దీని పని. క్యూరింగు ప్రభావమే మీ ప్రశ్న అయితే అదే మిశ్రమాన్ని 1 రోజు, 7 రోజులు తడిపి రెండు జట్లుగా పెట్టండి. నివేదికలో ఆ మాట స్పష్టంగా రాయండి.

గ్రాఫు చదవడం

కాంక్రీటు కుంచించుకుంటూ ఉక్కును నొక్కుతుంది, గేజు స్ట్రెయిన్ సున్నా నుంచి రుణ విలువల్లోకి దిగుతుంది. మొదట్లో వేగంగా, తరవాత నెమ్మదిగా. ఒక దశలో గీత ఒక్కసారిగా సున్నా వైపు ఎగబాకుతుంది. ఆ దూకుడు 30 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల వంతుల్లో ముప్పై) దాటితే రింగు పగిలినట్టు. రెండు గేజుల్లో ఒక్కదానిలో కనిపించినా చాలు. వెంటనే టార్చి పట్టుకుని చుట్టూ వెతకండి. పై నుంచి కిందికి నిలువు గీత కనిపిస్తుంది. మొదటి రోజు దాని వెడల్పు తక్కువే, ఎండే కొద్దీ విప్పుకుంటుంది కాబట్టి మైక్రోస్కోపుతో కొలిచి తేదీతో రాసిపెట్టుకోండి.

గేజులు ఎంత బాగున్నా రెండు మూడు రోజులకొకసారి కళ్లతో చూడడం మానకండి. ముఖ్యంగా ఫైబర్ వేసిన కాంక్రీటులో. అందులో ఒక పెద్ద పగులుకు బదులు సన్నవి నాలుగైదు పుట్టవచ్చు, ఫైబర్లు అంచులను పట్టి ఉంచుతాయి, గీత ఒక్కసారిగా దూకకుండా మెల్లగా వంగుతుంది. 30 మైక్రోస్ట్రెయిన్ దూకుడు కోసమే కాచుకుని కూర్చుంటే "పగలలేదు" అని తప్పుగా రాస్తారు. ఫైబర్ల మేలు చాలావరకు పగులును ఆపడంలో కాదు, దాన్ని సన్నగా ఉంచడంలో కనిపిస్తుంది. అందుకే అక్కడ వెడల్పు కొలతే అసలు ఫలితం.

పగలకపోతే ఎండడం మొదలైనప్పటి నుంచి కనీసం 28 రోజులు ఆగాలి.

లెక్క

ఎండిన రోజుల వర్గమూలం అడ్డంగా, స్ట్రెయిన్ నిలువుగా వేసి గ్రాఫు గీస్తే సుమారు సరళరేఖ వస్తుంది. దాని వాలు తీసుకోండి. ఒత్తిడి పెరిగే వేగం = 72.2 గిగాపాస్కల్స్ × వాలు ÷ (2 × √రోజులు). ఈ 72.2 రింగు కొలతల నుంచి పుట్టింది. ఉక్కు గుణకం 200ని 13తో గుణించి 38తో భాగిస్తే దాదాపు దాని దగ్గరికే వస్తారు. పైన లేత్ పనిలో మందం గురించి అంత పట్టుబట్టింది ఇందుకే.

ఉదాహరణకు వాలు √రోజుకు 15 మైక్రోస్ట్రెయిన్, పగిలింది 9వ రోజున అనుకోండి. 72,200 × 0.000015 = 1.083 మెగాపాస్కల్స్. దాన్ని 2 × 3తో భాగిస్తే రోజుకు 0.18 మెగాపాస్కల్స్.

ఏడు రోజుల్లోపు పగిలినా, వేగం 0.34 లేదా అంతకు మించినా పగిలే అవకాశం ఎక్కువ. 7 నుంచి 14 రోజులు, 0.17 నుంచి 0.34 అయితే ఒక మోస్తరు కన్నా ఎక్కువ, మన ఉదాహరణ ఇందులోకి వస్తుంది. 14 నుంచి 28 రోజులు, 0.10 నుంచి 0.17 అయితే ఒక మోస్తరు కన్నా తక్కువ. 28 రోజులు దాటినా పగలక, 0.10 లోపే ఉంటే తక్కువ. మూడు రింగుల సగటుతో పాటు విడివిడి రోజులూ ఇవ్వండి. 6, 9, 17 రోజుల సగటును 10.7 అని ఒక్క ముక్కలో రాస్తే మీ చెదురు మొత్తం దాగిపోతుంది.

ఫలితం చేతికొచ్చాక దాన్ని ప్రిజముల సంకోచంతోనూ, క్యూబు బలంతోనూ పక్కపక్కన పెట్టి చూడండి. బలం ఎక్కువున్న మిశ్రమం ముందే పగలడం మీకు కనిపించవచ్చు. తొందరగా గట్టిపడే సిమెంటు బిగువును కూడా తొందరగా పెంచుతుంది, క్రీప్‌తో ఊరట పొందే గుణాన్ని తగ్గిస్తుంది. నీళ్లు బాగా తగ్గించి సిలికా ఫ్యూమ్ (అతి సన్నని సిలికా పొడి) వేసిన కాంక్రీటు బయటికి ఎండకముందే లోపలి నీరు హైడ్రేషన్‌కు (సిమెంటు నీటితో కలిసి గట్టిపడడానికి) వాడుకుని కుంచించుకుంటుంది, మొదటి రోజు గీత దిగడం మొదలైతే కారణం అదే కావచ్చు. మార్పు చేయాలంటే ముందు సిమెంటు ముద్ద పరిమాణం తగ్గించండి, కంకర పెంచండి, ఓపీసీలో కొంత భాగం ఫ్లైయాష్‌తో మార్చి చూడండి. సంకోచాన్ని తగ్గించే అడ్మిక్స్చర్లు పనిచేస్తాయి, ఖర్చు ఎక్కువ కాబట్టి చివరికి. ఒక్కో మార్పుకు మళ్లీ మూడు రింగులు.

చివరిగా శుభ్రపరచడం. పగిలిన కాంక్రీటును సుత్తితో ఉక్కు రింగు మీద కొట్టి తీయకండి, లోపలి గేజులు ఊడిపోతాయి. పగులుకు ఎదురువైపు కాంక్రీటు మీద బయటి నుంచి ఉలితో రెండు దెబ్బలు వేస్తే రెండు ముక్కలుగా విడిపోతుంది. అంటుకున్న సున్నపు పొరను వైరు బ్రష్‌తో తీసి, వెంటనే నూనె రాయండి. ఖాళీ రింగును ఒక రోజు లాగర్‌కు కలిపి ఉంచండి. గేజు మళ్లీ పాత సున్నా దగ్గర నిలకడగా ఉంటేనే తరవాతి పోతకు వాడండి, లేకపోతే గీకేసి కొత్తది అంటించండి.